లక్ష్మీనరసింహం గారి ఆర్డరు

ఆ బుధవారం పొద్దున్న రాజేశ్వరి అనుకున్న పనులు నాలుగే. ఎనిమిదింటికల్లా చేపల పులుసుకి చింతపండు నానబెట్టడం, తొమ్మిదింటికి ఫోన్ ఆర్డర్లు రాసుకోవడం, పన్నెండింటికి వ్యాను పంపెయ్యడం, ఒంటిగంటకి కంపెనీ యజమాని అర్బాబ్ వచ్చి కంప్యూటరు చూసి సంతోషపడ్డాక ఆయన చేతిలో సెలవు కాగితం పెట్టడం. మొదటి మూడూ ఆరేళ్ళుగా చేస్తున్నవే. నాలుగోదాని కోసం ఆమె మూడేళ్ళుగా కాచుకుని ఉంది.

ఒమాన్‌లోని అల్ ఖౌద్‌లో యూనివర్సిటీకి వెళ్ళే దారిలో ఉంది ఆ కేటరింగ్ కంపెనీ. ముందు గదిలో బల్లా కుర్చీలూ, మేనేజరు ఖమరుద్దీన్. వెనక వంటిల్లు. రెండింటికీ మధ్య చిన్న గదిలో, గోడకి ఫోను. కొత్తపేట దగ్గరి పల్లెటూరి నుంచి వంటకని వచ్చిన రాజేశ్వరికి ఆ ఫోను ఎలా తగులుకుందో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆమె వచ్చిన మొదటి నెలలో ఒక కూలీల క్యాంపుకి వెళ్ళాల్సిన భోజనాలు ఇంకో క్యాంపుకి వెళ్ళాయి. ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చేసినా వాళ్ళు చెప్పింది ఆమె రాసుకుని, నంబరు అడిగి, పెట్టేసి, మళ్ళీ తనే ఫోన్ చేసి అంతా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేది. కొంత హిందీ, పది అరబీ మాటలు, మిగతాదంతా గోదావరి తెలుగు. వినేవాళ్ళు నవ్వుకునేవారు గాని, ఆరేళ్ళలో ఒక్క ఆర్డరు దారి తప్పలేదు. ఆ మంచిపేరే ఆమె కాలికి బంధమైంది. సెలవడిగినప్పుడల్లా అర్బాబ్ ఒకటే మాట అనేవాడు: "నువ్వు వెళితే ఫోనుకి జవాబు చెప్పేదెవరు?"

వచ్చే నెలలో ఆమె కూతురు సంగీతకి తొలి కాన్పు. నువ్వు రాకపోతే కనడం మానేస్తానని ఆ పిల్ల ఉత్తరంలో బెదిరించింది కూడా.

ఇలాంటి సమయంలో దేవుడు పంపినట్టు గంగాప్రసాద్ వచ్చాడు. ఊరు జగిత్యాల దిక్కు అని చెప్పాడు. చదివింది కంప్యూటరు డిప్లొమా, వీసా మీద రాసింది హెల్పర్. పొద్దున్న బియ్యం బస్తాలు మోసి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చునేవాడు. యూనివర్సిటీ వాళ్ళు కుర్చీలోంచి లేవకుండా భోజనం తెప్పించుకునే ఏర్పాటు చేస్తానని మూడు నెలల క్రితం అర్బాబ్‌కి మాటిచ్చాడు. అది పని చేస్తే అతని వీసా మీద హెల్పర్ పోయి ఆపరేటర్ వస్తుంది. ఫోను బాధ్యత తప్పి రాజేశ్వరికి సెలవు వస్తుంది.

"ముందల ఒక పేజీ ఉంటదమ్మా," అని అతను వారం క్రితం ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడు. "యూనివర్సిటీల కూసున్నోళ్ళు ఆ పేజీల పేరు, అడ్రసు, ఎన్ని భోజనాలు, అన్నీ రాసి బటన్ ఒత్తుతరు. అది ఫోన్ లైన్ల పడి మన వెనుక కంప్యూటర్‌కు వస్తది. ఈడ ప్రోగ్రాం ఆర్డర్ అందుకోని, అందిందని మళ్ళ ముందలికి జవాబు పంపాలె. ముందలిది వెనుకదానితోని మాట్లాడాలె, వెనుకది ముందలిదానితోని మాట్లాడాలె. గంతే కథ."

"అంటే హోటల్లో సర్వరు కేకేస్తాడు, వంటవాడు లోపల్నుంచి 'వస్తందీ' అంటాడు. అంతేగా?"

గంగాప్రసాద్ కత్తి పక్కన పెట్టేశాడు. "మూడు నెలల సంది ఖమరుద్దీన్ సాబ్‌కు సమజ్ చేస్తున్న. ఇంత మంచిగ నాకే చెప్పరాలె."

"అయితే ఒకటి గుర్తెట్టుకో బాబూ. చీటీ చేతిలో పడకుండా 'వస్తంది' అనకూడదు. ముందు చీటీ, ఆ తర్వాతే జవాబు. లేదంటే ఆకలితో ఉన్న మనిషికి అబద్ధం చెప్పినట్టవుతుంది."

అతను ఆ మాట ప్రకారమే ప్రోగ్రాం మార్చాడు. ముందు కాగితం అచ్చవ్వాలి, ఆ తర్వాతే జవాబు బయల్దేరాలి.

బుధవారం ఏడున్నరకి గంగాప్రసాద్ ఫోనున్న చిన్న గదిలో కంప్యూటరుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. చిప్పల్ని రాజేశ్వరి పచ్చడికని తీసి పెట్టుకుంది. ఫోను తీగ ఇప్పుడు కంప్యూటరు పక్కనున్న చిన్న డబ్బాలోకి వెళ్ళి, అక్కడినుంచి గోడ ఫోనుకి వస్తోంది. డబ్బా మీద ఎర్ర దీపాలు వరసగా వెలుగుతున్నాయి.

"ఫోన్ మోగంగనే ఈ డబ్బానే ఎత్తుతదమ్మా. కీసుమంటది, గరగరమంటది. బుగులు వడకు. రెండు మిషిన్లు నమస్తే అంటే నమస్తే అనుకుంటున్నట్టు. నేను యూనివర్సిటీ ముందల మలబారీ ఆయన కంప్యూటర్ దుకాణం కాడ కూసుంట. ఆడికెల్లి అర్బాబ్ వచ్చే యాళ్ళకు వస్త."

తర్వాత ఆలోచిస్తే అతను అన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప. ముందు వచ్చే నాలుగైదు కాగితాలు ఉత్తుత్తివని, పని చేస్తుందో లేదో చూడడానికి తనే పంపుతాడని మాత్రం చెప్పలేదు. అది ఎవరికైనా తెలిసిందే అనుకున్నాడు.

ఖమరుద్దీన్ అంతకంటే గట్టిగా చెప్పి వెళ్ళాడు. "రాజేశ్వరమ్మా, కాగితం వచ్చిందంటే ఆర్డర్ వచ్చినట్టే. ఎందుకు, ఏంది అని శక్ చెయ్యొద్దు. ఇయ్యాల ఒక్క ఆర్డర్ గడబిడ అయినా అర్బాబ్ ఆ డబ్బా తీసి బయటేస్తడు. గంగాప్రసాద్ నౌకరీ, నీ ఛుట్టీ, రెండూ ఖతం."

ఎనిమిదీ ఇరవైకి ఫోను సగం మోగి ఆగింది. డబ్బా కీసుమంది, గరగరలాడింది. ప్రింటరు కుట్టుమిషన్‌లా టకటకా కొట్టుకుని ఒక కాగితాన్ని కక్కింది. ఏడో తరగతి చదువుకున్న రాజేశ్వరి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

పేరు లక్ష్మీనరసింహ. చిరునామా ధర్మపురి. కింద ఒక ఫోను నంబరు. వెజ్ భోజనం. ఎన్ని అన్నచోట నూట పదహారు.

వంటింట్లో ఆమెకి సాయం ఉండే కడప పెంచలయ్య చేపలు తోముతున్నవాడల్లా తలెత్తాడు. "నూటా పదార్లా? మిషినీకి మతి చెడిందేమోక్కా."

"మతి చెడితే వందంటుంది, నూటయాభై అంటుంది. నూట పదహారంటే మనవాళ్ళే పెంచలయ్యా. మనవాళ్ళు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ నూట పదహారనరు."

ఆ తర్కానికి తిరుగులేదు. పెంచలయ్య చేతులు తుడుచుకుని కాగితాన్ని దూరం నుంచే చూశాడు. "లచ్చినరసింహుడంటే మా పెంచల సామే. మాయమ్మ మొక్కుకోని నాకు పెట్టిండే పేరు. మరి ధర్మపురి యాడక్కా?"

"విల్లా పేరయ్యుంటుంది. అల్ హైల్లో కొత్తగా కట్టేవాటికి పేర్లు పెడుతున్నారు గదా. గృహప్రవేశం అయ్యుంటుంది. వెజ్ అని రాశారు చూడు." ఆమె గొంతులో కొంచెం చిన్నబుచ్చుకోవడం కూడా ఉంది. ఇంత దగ్గరలో తెలుగువాళ్ళు నూట పదహారు మందిని పిలుచుకుంటూ, ఆరేళ్ళుగా ఇక్కడున్న తనకి మాటమాత్రం చెప్పలేదు.

అలవాటు ప్రకారం ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. రిసీవరు ఎత్తగానే చెవిలో ఎవరో ఇసుక పోసి రేకు మీద గీకినట్టయింది. అది ఠక్కున ఆగింది. నంబరు నొక్కితే ఎంగేజ్. పాపం, అంత కార్యం ఇంట్లో పెట్టుకున్నవాళ్ళ ఫోను ఖాళీగా ఎలా ఉంటుందనుకుని పెట్టేసింది. డబ్బా మీద ఎర్ర దీపాలు ఆరిపోయి మళ్ళీ వెలగడం ఆమె చూడలేదు.

చింతపండు అప్పటికే నానుతోంది. అది చేపలకి కాక పులిహోరకి వెళ్ళింది. చేపలు ఫ్రీజరులోకి వెళ్ళాయి. పెంచలయ్య ఎవరూ చెప్పకుండానే కోడిగుడ్ల ట్రేలు నాలుగూ బయట మెట్ల మీద పెట్టేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాడు. "ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కూడా వద్దు గదక్కా?" అన్నాడు. పెద్ద గంగాళం పొయ్యెక్కింది.

పది నిమిషాలు తిరక్కుండా మళ్ళీ ఫోను సగం మోగింది. మళ్ళీ నమస్కారాలు, మళ్ళీ కాగితం. అదే పేరు, అదే ధర్మపురి, అదే నూట పదహారు.

రాజేశ్వరి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇందాకటిదే మళ్ళీ వచ్చిందంటావా?"

"ఒకసారి జెప్పిందే రెండోసారి జెప్పే పని మిషినీకి ఏముండాది? ఇది రెండో బంతికక్కా. నూటా పదార్లు ముందు కూచ్చుంటారు, వాళ్ళు లేసినాక ఇంగో నూటా పదార్లు."

గృహప్రవేశానికి రెండు బంతులు లేకపోవడం ఆమె ఎక్కడా చూడలేదు. అయినా ఒకసారి అడగడం మంచిదని ఫోనెత్తింది. గీకుడు, నిశ్శబ్దం, ఎంగేజ్. ఖమరుద్దీన్ చెప్పిన మాట గుర్తొచ్చి, ఇంకో బస్తా మూతి విప్పమంది.

మూడో కాగితం వచ్చేసరికి ఆమెకి కొంచెం చెమట పట్టింది. కానీ ఈసారి అంకె ఒకటే. ఒకే ఒక భోజనం.

"నైవేద్యానికి," అంది తేలిగ్గా ఊపిరి వదిలి. "దేవుడికి విడిగా ఒక విస్తరి. ఎంత పద్ధతైన మనుషులో చూడు." నైవేద్యానికని పాయసం వేరే గిన్నెలో పెట్టి మూత వేసింది. ఆ తర్వాత మర్యాద కోసం ఫోనెత్తింది. మళ్ళీ అదే గీకుడు.

నాలుగో కాగితంలో భోజనాల సంగతి లేదు. 'ఇంకేమైనా చెప్పాలా' అనే గడి దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ముక్క ఒకటుంది. ఆమె పెదాలు కదుపుతూ చదివింది. "జవాబియ్యి స్వామీ."

రాజేశ్వరి అక్కడున్న పీట మీద కూర్చుండిపోయింది. ఆరేళ్ళలో ఆమెని జవాబు చెప్పలేదని అన్నవాళ్ళు లేరు. లక్ష్మీనరసింహం గారు పెద్దమనిషి కాబట్టి స్వామీ అని వ్యంగ్యంగా అన్నారు. ఇంకొకరైతే తిట్టేవారు. ఆమె లేచి, కొంగు బిగించి, ఫోనెత్తి, ఆ గీకుడు వింటూనే బిగ్గరగా చెప్పింది. "అయ్యా లక్ష్మీనరసింహం గారూ! అందిందండీ! రెండు బంతులకీ వండుతున్నామండీ! నైవేద్యం విడిగా పెట్టామండీ!"

అవతలి నుంచి ఎవరూ పలకలేదు. చెప్పాల్సింది చెప్పానన్న తృప్తితో ఆమె పోపు వేయడానికి వెళ్ళింది.

తొమ్మిది నుంచి పదకొండు దాకా ఫోను ఇరవై ముప్ఫైసార్లు సగం సగం మోగింది. డబ్బా ప్రతిసారీ ఎత్తింది, కీసుమంది, ఊరుకుంది. ఒక్క కాగితం రాలేదు. "మర్యాదలకేం తక్కువ లేదు, పనే లేదు," అనుకుంది రాజేశ్వరి. రోజూ ఈ వేళకి ఫోన్ చేసే అల్ హైల్ క్యాంపు లచ్చన్న గాని, వర్క్‌షాపు వాళ్ళు గాని, హాస్టలు వాళ్ళు గాని ఇవాళెందుకు చెయ్యలేదా అన్న అనుమానం ఆమెకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ గంగాళంలో అన్నం ఆ అనుమానాన్ని తోసేసింది.

పదకొండింటికి ఖమరుద్దీన్ వచ్చి కాగితాలు చూశాడు. మొహం పెళ్ళివారింటి గుమ్మంలా అయింది. "మొదటి రోజే రెండు వందల ముప్పై మూడా! అర్బాబ్‌కు ఇప్పుడే చెప్తా," అని ఫోనెత్తి, చెవి రుద్దుకుని, పెట్టేశాడు. "నేనే పోయి తీసుకొస్త. బాబు మియాను వ్యాన్ ఇచ్చి పంపుండ్రి. అల్ హైల్లో ధర్మపురి విల్లా ఎక్కడో వెతికి మొదటి బంతి దించేసి రమ్మను."

డ్రైవరు బాబు మియా నూట పదహారు భోజనాలతో బయల్దేరాడు. కంపెనీకి ఉన్నది ఆ ఒక్క వ్యానే.

పన్నెండున్నరకి వాకిట్లో ఒక పికప్ ఆగింది. వెనకనుంచి ముప్పై నలభై మంది దూకారు. అందరికంటే ముందు క్యాంపు మేస్త్రీ లచ్చన్న, భుజం మీద తువ్వాలతో.

"అమ్మా, ఏమైందే నీ ఫోన్‌కు? పొద్దుగాల సంది జేస్తున్న. ఎత్తుడే ఎత్తుడు, పిల్లి ఒర్లినట్టు ఒర్లుతుంది. మా పోరగాళ్ళు దయ్యం వట్టిందన్నరు. అన్నం ఉన్నదా, బిస్కెట్లు దిని డ్యూటీకి పొమ్మంటవా?"

అతని వెనకే వర్క్‌షాపు వాళ్ళు, ఆ వెనక హాస్టలు వంటమనిషి, వీధి చివరి దర్జీ. అందరి ఫిర్యాదూ ఒకటే. వాళ్ళ చేపలు ఫ్రీజరులో ఉన్నాయి. వండిందంతా లక్ష్మీనరసింహం గారిది.

"మీకు వండలేదు లచ్చన్నా," అంది మెల్లిగా. "ఇదంతా పెద్ద ఆర్డరు. ధర్మపురి లక్ష్మీనరసింహం గారిది."

లచ్చన్న తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎవలిది?"

ఆమె కాగితం చూపించింది. లచ్చన్నకి చదువు రాదు. అతని పక్కనున్న నర్సింగ్ అనే కుర్రాడు చదివి వినిపించాడు. ధర్మపురి, లక్ష్మీనరసింహ, వెజ్ భోజనం, నూట పదహారు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మా నర్సన్న స్వామే గదనే!" అన్నాడు లచ్చన్న. "గోదారి ఒడ్డున గుడి. మా ఇంటికెల్లి నడిస్తే గంట తొవ్వ. అమ్మా, ఇది ఆర్డర్ గాదు. ఎవలో మొక్కుకున్నరు. స్వామి పేరు మీద అన్నదానం వెట్టిచ్చిండ్రు." వెనక్కి తిరిగి కేక వేశాడు. "వారీ, చెప్పులు ఇడువుండ్రి! నర్సన్న బువ్వ!"

రాజేశ్వరి వద్దనేలోపు అంతా వాకిట్లో రెండు వరసలుగా కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళకి వడ్డించకుండా నిలబడడం ఆమెకి చేతకాదు. రెండో బంతికని వండినది గంగాళంలో ఉంది. ఆమె గరిటె అందుకుంది. పెంచలయ్య "గోవిందా" అంటూ పులిహోర మోశాడు. దారిన పోయేవాళ్ళు ఇదేమిటని అడిగి, చెప్పులు విప్పి, వరస చివర కూర్చున్నారు.

సరిగ్గా ఒంటిగంటకి అర్బాబ్ కారు దిగాడు. పక్కన ఖమరుద్దీన్. తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషాలో ఉన్న పెద్దాయన గేటు దగ్గరే ఆగి, వాకిట్లో కూర్చున్న నూటికి పైగా మనుషుల్ని చూశాడు. "ఏష్ హాదా?" అన్నాడు. ఇదేమిటని ఆయన అరబీలో అడిగాడంటే జవాబు తొందరగా కావాలని అర్థం.

అప్పుడే వీధి మలుపులో బాబు మియా వ్యాను కనిపించింది. అల్ హైల్ మొత్తం మూడుసార్లు తిరిగానని, ధర్మపురి అన్న విల్లా ఒమాన్‌లో ఎక్కడా లేదని హిందీలో ప్రమాణం చేసి, నూట పదహారు భోజనాలూ మెట్ల మీద కోడిగుడ్ల పక్కన దించాడు. దాని వెనకే టాక్సీలోంచి గంగాప్రసాద్ దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సాబ్, నాతోని కాలే," అన్నాడు ఖమరుద్దీన్‌తో. "పొద్దుగాల సంది పంపుతున్న. ఒక్క జవాబు రాలె. ముందలి పేజీ మంచిగనే ఉంది. వెనుకది అందుకుంటుందో లేదో తెలుస్తలేదు. ఫోన్ జేస్తే మిషినే ఎత్తి నా చెవులనే ఒర్లె." అప్పుడు వాకిలి చూశాడు. "గిదేంది? ఎవలిచ్చిండ్రు గింత పెద్ద ఆర్డర్?"

"లక్ష్మీనరసింహం గారు," అంది రాజేశ్వరి.

"ఏ లక్ష్మీనరసింహం?"

"ధర్మపురి."

గంగాప్రసాద్ వాకిట్లో విస్తళ్ళ వంక మళ్ళీ చూశాడు. "అది మా ఊరమ్మా. ఆయన మా దేవుడు."

"మరి నూట పదహారు?"

"కొత్త పని షురూ జేస్తే నూట పదార్లతోని చెయ్యాలని మా అమ్మ చెప్పింది. ఉత్తగనే రాసిన. నంబర్ మలబారీ దుకాణంది. జవాబు రాకపోతే మళ్ళ ఒత్తిన. అంకె పెద్దగైందేమోనని మూడోసారి ఒకటి రాసిన."

"జవాబియ్యి స్వామీ అని?"

"ఆయనకే మొక్కిన."

ఖమరుద్దీన్ తల పట్టుకున్నాడు. రాజేశ్వరి జాకెట్టులో దాచుకున్న సెలవు కాగితం చెమటకి మెత్తబడిపోయింది. సంగీత మొహం ఆమె కళ్ళ ముందు ఒకసారి కదిలింది.

ఖమరుద్దీన్ నోట అంతా విన్న అర్బాబ్ ఫోనున్న గదిలోకి నడిచాడు. ఆయన వెనక అందరూ నడిచారు. ఆయన కంప్యూటరు వంక, దాని బొట్టు వంక చూస్తున్నంతలో ఫోను సగం మోగింది. డబ్బా కీసుమంది. అర్బాబ్‌కి చూపించడానికని ఒంటిగంట దాటగానే ఒకసారి బటన్ నొక్కమని గంగాప్రసాద్ మలబారీ ఆయనకి చెప్పి ఉంచాడు. వద్దని చెప్పడం మరిచిపోయాడు. ప్రింటరు టకటకా కొట్టుకుని కాగితం ఇచ్చింది.

"మూడో బంతి," అన్నాడు పెంచలయ్య.

నూట పదహారన్న అంకె చూసి, అది అబద్ధపు ఆర్డరని తెలిసి కూడా రాజేశ్వరి చెయ్యి గోడ మీది ఫోను దగ్గరికి వెళ్ళింది. ఆరేళ్ళ అలవాటు. రిసీవరు ఎత్తింది. అర్బాబ్ చూపు ఆ చేతి మీంచి డబ్బా మీదికి వెళ్ళింది. ఎర్ర దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఎందుకు ఎత్తావు?" అన్నాడాయన హిందీలో.

"అందిందని చెప్పాలి కదా అర్బాబ్."

"పొద్దున్నుంచీ ప్రతి కాగితానికీ ఎత్తావా?"

"ఎత్తాను. ఆర్డరు తీసుకుని జవాబు చెప్పకుండా ఎలా ఉంటాను?"

గంగాప్రసాద్ గోడకి జారగిలబడిపోయాడు. అతని ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. వెనకది ప్రతిసారీ అందుకుంది, కాగితం ఇచ్చింది, ఆ పైన జవాబు పంపబోయింది. సరిగ్గా ఆ క్షణాన, ఆ జవాబే చెప్పడానికి రాజేశ్వరి ఫోనెత్తి లైను తెంపేసింది.

"అయితే తప్పు నాదన్నమాట," అందామె చాలా చిన్న గొంతుతో.

"నీది కాదమ్మా. నీకు చెప్పకపోవుడు నాది."

అర్బాబ్ కిటికీలోంచి వాకిట్లోకి చూశాడు. లచ్చన్న చెయ్యి కడుక్కుని వచ్చి, కిటికీ అవతల నిలబడి ఆయనకి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఏమంటున్నాడని ఆయన ఖమరుద్దీన్‌ని అడిగాడు.

"మీరు నూరేళ్ళు బతకాలంటున్నడు అర్బాబ్. ఇంత మంది ఆకలి తీర్చినందుకు."

అర్బాబ్ గడ్డం నిమురుకున్నాడు. దేవుడి పేరు మీద పెట్టిన అన్నాన్ని వెనక్కి తీసుకునే మాట ఏ భాషలోనూ లేదని ఆయనకి తెలుసు. మెట్ల మీద ఉన్న మిగతా భోజనాలు కూడా క్యాంపుల్లో పంచెయ్యమని బాబు మియాకి చెప్పాడు. నైవేద్యం గిన్నె మూత తీసి, పాయసం రెండు చెంచాలు తిని, ఇంకో రెండు చెంచాలు తిన్నాడు. తర్వాత గంగాప్రసాద్ వైపు తిరిగాడు. గంగాప్రసాద్ తన ట్రంకు పెట్టె ఏ మంచం కింద ఉందో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"నేను కూడా పొద్దున్న నాలుగుసార్లు ఫోన్ చేశాను," అన్నాడు అర్బాబ్. "నాలుగుసార్లూ ఈ డబ్బా నా మీద అరిచింది. ఇదివరకు నేను ఫోన్ చేస్తే ఈమె నా మాట నాకే మళ్ళీ చెప్పేది. విసుగొచ్చేది. ఇవాళ తెలిసింది, అది ఎంత అవసరమో." వేలు గోడ ఫోను వైపు చూపించాడు. "డబ్బాకి వేరే ఫోను లైను వేయిస్తాను. దానికి రెండు నెలలు పడుతుంది. అప్పటి దాకా ఈ ఫోను దగ్గర నువ్వు కూర్చుంటావు. ఎవరు ఏం చెప్పినా రాసుకుంటావు, పెట్టేస్తావు, మళ్ళీ ఫోన్ చేసి చెబుతావు. అది ఎలాగో శుక్రవారం లోపల ఈమె దగ్గర నేర్చుకో. ఆ రెండు నెలలూ ఈమె ఇక్కడుండి చేసేదేముంది?"

అలా కంప్యూటరు పని చేస్తే దొరుకుతుందనుకున్న సెలవు, అది పని చెయ్యనందుకు దొరికింది. మెత్తబడిన కాగితం మీద అర్బాబ్ సంతకం కొంచెం అలుక్కుపోయింది గాని, విమానం వాళ్ళు ఏమీ అనలేదు. గంగాప్రసాద్ వీసా మీద ఆపరేటర్ అని రాశారు. ఏ ఆపరేటరో ఎవరూ అడగలేదు.

ఐదు వారాల తర్వాత ఒక ఉదయం రాజేశ్వరి కొత్తపేట ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి అల్ ఖౌద్‌కి ఫోన్ చేసింది. రెండో రింగుకే గంగాప్రసాద్ ఎత్తాడు.

"బాబూ, నేను రాజేశ్వరిని. సంగీతకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా కులాసా. అందరికీ చెప్పు."

"నంబర్ చెప్పమ్మా," అన్నాడతను. ఆమె చెప్పింది. ఫోను పెట్టేశాడు.

ఆమె బూత్ యజమాని వంక చూసింది. యజమాని ఆమె వంక చూశాడు. రెండు నిమిషాలకి బూత్‌లో ఫోను మోగింది.

"అమ్మా, నేను గంగాప్రసాద్‌ను. రాసుకున్నది చదువుతున్న, విను. పేరు రాజేశ్వరి. అడ్రసు కొత్తపేట. ఆడపిల్ల. తల్లి, పిల్ల ఇద్దరు మంచిగున్నరు." అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది. "ఎన్ని అన్నకాడ... ఒక్కటే గదమ్మా?"

ఒక్కటేనని రాజేశ్వరి ఖాయం చేసింది.